కడగని కంకర

మా అత్త మొగులమ్మ ధారూర్ల కాలు ఇరగ్గొట్టుకుంటే, చూసుకునేటందుకు నా పెండ్లాం రెబెక్క పోయింది. పోయేటప్పుడు నాకు మూడు మాటలు చెప్పింది. చేపలకు పొద్దున చిటికెడు మేత వెయ్యి, మోటారు బంద్ చెయ్యకు, ఇంకేం ముట్టకు.

ముట్టిన.

ఆ చేపల అద్దాల డబ్బ ఆరేండ్ల కింద పైన కిరాయికున్న సారు బదిలీ అయి పోతూ ఇచ్చిపోయిండు. మూడు చేపలు. రెబెక్క వాటి ముంగట కూసొని గంటలు గంటలు మాట్లాడుతది. నాతోని మాట్లాడేటివి గ్యాసు, బియ్యం, కరెంటు. అడుగున ఉన్న కంకర నల్లగ జిగటగ అయింది. నేను నాలుగో తరగతిల బడి ఇడిసి, ఇరవై రెండేండ్లు తాండూర్ల బండలకు పాలిష్ కొట్టిన మనిషిని. కొత్త మిషన్ వచ్చిందని ఫ్యాక్టరోళ్లు పోయిన యాడాది ఇంటికి పంపిన్రు గాని, చేతుల విద్య ఎక్కడికి పోతది. నా ఇంట్లనే గసుంటి రాళ్లు ఉంటే ఎట్ల?

పసుపు రాయి, నీలం రాయి ముక్కలు ఏరి తెచ్చిన. ఒక్కొక్కటి అంచులు అరగదీసి మూడు నీళ్లల్ల కడిగిన. చేపలను బకెట్లకు తీసి, పాత కంకరంత మోరీల పోసిన. డబ్బను పీచు పెట్టి రుద్దిన. నీళ్లు వడగట్టే మోటారుల స్పాంజిని నల్లా కింద తెల్లగయ్యేదాక పిండిన. కొత్త నీళ్లు మాత్రం రెండు దినాలు నిలువ పెట్టినంకనే పోసిన, రెబెక్క గట్లనే చేస్తది. డబ్బ మెరిసింది. వచ్చి చూసి ఒక్క మంచి మాటన్న అంటదనుకున్న.

మూడో దినం పొద్దున ఒక చేప పక్కకు తిరిగి తేలింది. మిగిలిన రెండు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్. నీళ్లు చూస్తే తాగబుద్ధయ్యేటట్టున్నయ్. మురికిల ఆరేండ్లు బతికినయ్, సాఫ్ చేస్తే సస్తున్నయ్. నాకేం సమజ్ కాలె.

అప్పుడే రెబెక్క ఫోన్. సాయంత్రం రైలుబండికి వస్తున్నదట. "చేపలు మంచిగున్నయా?"

"ఉన్నయ్," అన్న.

రెబెక్క మేత తెచ్చేది వికారాబాద్ల కుమారస్వామి దుకాణంకెల్లి. ఆయనకు ఫోన్ కొట్టిన.

"సేటూ, మా తాండూర్ రాయిల ఏమన్న ఇషం ఉంటదా?"

"రాయికి ఏం కాదు, నీ చేపలకు నడుస్తది. పాత కంకర ఏం జేసినవ్ అంజిలయ్యా?"

"మోరీల పోసిన."

"స్పాంజి?"

"తెల్లగ చేసిన."

"డబ్బ గూడ రుద్దినవా?"

"మస్తు రుద్దిన."

"అయితే ఒక్కటి గూడ మిగిలియ్యలే."

"ఏం మిగిలియ్యలే?"

"పురుగులు. కంటికి కానరావు. కంకరకు అంటుకొని ఉంటయ్, చేపల ఉచ్చ దొడ్డి అంత అవే తింటయ్. ఇప్పుడు తినేటివి లేక నీళ్లు ఇషమైతున్నయ్."

"నీళ్లు గింత సాఫుగున్నయ్ గద."

"కానరాదనే గద చెప్తున్న. పెరుగుకు తోడు లెక్క అనుకో. నువ్వు గంజు మంచిగ తోమినవ్, తోడు పారబోసినవ్. మేత బంద్ చెయ్, కొన్ని నీళ్లు మార్చు. వచ్చి నా డబ్బలకెల్లి నాలుగు దోసిళ్ల పాత కంకర తీస్కపో. కడిగినవంటే మాత్రం మల్ల నాకు ఫోన్ చెయ్యకు."

జిందగీ మొత్తం రాళ్లు కడిగినోనికి రాయి కడగొద్దని చెప్పిండు. నిలువున్న నీళ్లతోని కొన్ని మార్చి బండెక్కిన. వికారాబాద్ల మురికి కంకర కవర్ల పోసుకొని, తడి ఆరకుండ దాని నీళ్లే పోసుకొని, సాయంత్రం పాసింజర్ల వాపసొస్తున్న. రెబెక్క వచ్చేది గూడ గిదే బండికని ధారూర్ వచ్చేదాక నాకు సోయి లేదు. ఆమె నేనున్న డబ్బలకే ఎక్కింది.

"నువ్వెటు పోయినవ్?"

"వికారాబాద్."

"గా కవర్ల ఏంది, వాసనొస్తున్నది?"

"కంకర."

"తాండూర్ల రాళ్లకు కరువొచ్చిందా?"

పక్కనున్నాయన నవ్విండు. అబద్ధం ఆలోచించిన గాని దొరకలే. అంత చెప్పిన.

"ఎన్ని పోయినయ్?"

"ఒకటి."

"ఏది?"

"ఎర్రది."

"మూడు ఎర్రవే. ఒకదానికి తోక చీలి ఉంటది. ఒకదానికి కన్ను పక్కన తెల్ల మచ్చ. ఇంకొకటి గుండ్రంగ ఉంటది. ఏది పోయింది?"

పొద్దున దాన్ని నా అరచేతిలనే పెట్టుకున్న. కాగితంల చుట్టి ఇంటి ఎనుక పాతిన. ఎట్లుండెనో యాదికొస్తలేదు.

"చూడలే," అన్న.

"బండ మీద వెంట్రుకంత గీతున్నా దూరంకెల్లి చెప్తవ్ నువ్వు."

నా చేతులకెల్లి కవరు తీసుకొని ఒళ్లె పెట్టుకున్నది. తాండూర్ దాక ముడి విప్పుడు, చూసుడు, కట్టుడు.

ఇంట్ల చెప్పులు గూడ ఇడువలే. నేరుగ పోయి నా రాళ్ల మీద ఆ నల్ల కంకరంత పోసింది. నీలం, పసుపు ఏం కానరాకుండ పోయినయ్. నీళ్లు మబ్బయినయ్. రెండు చేపలు ఇంక మీదనే నోళ్లు తెరుస్తున్నయ్.

"తోక చీలినదే పోయింది," అన్నది.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. కూసో."

కూసున్న. చేతులు ఎక్కడ పెట్టుకోవాలెనో తెల్వలే. చానసేపటికి గుండ్రంగున్నది కిందికి దిగింది. మురికిల మూతి పెట్టి, ఒక రాయిని నోట్లకు తీసుకొని, ఉమ్మింది. మచ్చది మాత్రం మీదనే ఉన్నది.

"బాగైతున్నట్టేనా?" అన్న.

"రేపు తెలుస్తది," అన్నది రెబెక్క, చేపల దిక్కే చూసుకుంట. ఆ మాట నాకు చెప్పిందో, వాటికి చెప్పిందో తెల్వదు.