వీపు దిగని సంచి

భర్త పోయాక లోర్నా వీపుసంచిలో పిస్టల్ లేకుండా గడప దాటలేదు. మోంటానా మంచుదారిలో కారు మొరాయించిన రోజు ఆమెకు ధైర్యమిచ్చింది అదే. కానీ పిల్లలు తిరిగేచోట ఆ సంచిని కింద పెట్టలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఊళ్లో ప్రతి శనివారం జరిగే డాన్సుకి వెళ్లినా ఒళ్లో పెట్టుకుని గోడవారగా కూర్చునేది.

"ఏమే అక్కా, దానికి కాపలా ఉంటున్నావా?" అంది చెల్లెలు ఎడ్నా.

"అదే నాకు కాపలా."

"అలాగా. మరి కుర్చీ వదలనిది నువ్వేగా."

లోర్నాకి ఒళ్లు మండింది. వారమంతా ఆ మాటే నెమరేసుకుంది.

మళ్లీ శనివారం పిస్టల్‌ని ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి డాన్సుకి వచ్చింది. పక్కింటి వాల్డో తనతో డాన్సు చెయ్యమని మొహమాటంగా ఒక చెయ్యి చాపాడు.

లోర్నా రెండు చేతులూ ఇచ్చింది.