మూడో ఈల

పిడుగురాళ్ల పక్కన మా క్వారీ కాలనీలో పుట్టిన బిడ్డకి మాటలు సరిగ్గా రాకముందే ఒక సంగతి నేర్పిస్తారు. క్వారీలో మూడో ఈల వినపడగానే ఎక్కడున్నా అక్కడే కూలబడాలి. క్వారీకి వీపు పెట్టాలి. కళ్లూ చెవులూ గట్టిగా మూసుకోవాలి. నోరు మాత్రం తెరిచే ఉంచాలి, లేకపోతే ఆ చప్పుడికి చెవులు పగులుతాయని మా వాళ్ల నమ్మకం. మొదటి ఈలకి ఎర్రజెండా లేస్తుంది, రెండో ఈలకి జనం దూరం జరుగుతారు, మూడో ఈల అయ్యాక మా నాన్న మల్లేశ్వరరావు మందు పేలుస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. నాకు ఇరవై రెండేళ్లొచ్చాయి, కెమెరా పట్టడం నేర్చుకున్నాను, అయినా ఆ మూడో ఈలే నా కొంప ముంచింది.

సినిమా నేర్పే స్కూలు పిడుగురాళ్లలో ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మేమూ నవ్వాం. మూతపడిన సున్నం మిల్లు షెడ్డుకి బ్రహ్మం గారు కొత్త రేకులు వేయించి బోర్డు పెట్టినప్పుడు, పెద్దాయనకి మతి పోయిందని ఊరంతా అనుకుంది. మరి ఆయన ఇరవై మూడు సినిమాలు తీసిన నిర్మాత. హైదరాబాదులో హాయిగా మనవళ్లతో ఆడుకోక ఈ సున్నం దుమ్ములోకి ఎందుకొచ్చినట్టు?

ఆయన బయల్దేరింది కూడా ఈ దుమ్ములోంచే. తండ్రి క్వారీలో రాళ్లు కొట్టేవాడు. బ్రహ్మం గారు పదహారో ఏట సినిమా బాక్సులు మోసే పనికి కుదిరారు. అప్పట్లో సినిమా అంటే ఇనప్పెట్టెలో రీళ్లు. విజయవాడలో పెట్టె ఎత్తుకుని నరసరావుపేట దాకా రైలు, అక్కడి నుంచి మాచర్ల దాకా బస్సు. ఆట వేళకి పెట్టె రాకపోతే జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్లట. ఒకసారి నాగులేరు పొంగి బస్సులు ఆగిపోతే, పెట్టె నెత్తిన పెట్టుకుని మొల లోతు నీళ్లలో వాగు దాటి మ్యాట్నీకి అందించారు. అప్పటి నుంచి మా వైపు ఆయన బాక్సు బ్రహ్మం. చిన్నప్పుడు ఈ కథ విని ఆయన తాటిచెట్టంత ఉంటారనుకున్నాను. తీరా చూస్తే నా భుజం దాకా వస్తారు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు జీడిపప్పు బిస్కెట్లుంటాయి. అయినా ఆయన షెడ్డులోకి రాగానే ఇప్పటికీ నేను తెలియకుండానే లేచి నిలబడతాను.

బాక్సు మోసిన మనిషి ప్రొడక్షన్ మేనేజరయ్యారు, తర్వాత నిర్మాత అయ్యారు. ఆయన సినిమాల్లో అన్నిటికన్నా బాగా ఆడింది పల్నాడు కథే. అందులో వెనక కొండంతా పేలిపోతుంటే హీరో తిరిగి చూడకుండా నడిచొస్తాడు. ఆ చోట జనం కాగితాలు చించి గాల్లోకి ఎగరేశారు. బ్రహ్మం గారు తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా పిడుగురాళ్లలోనే చూశారు. బయటికొచ్చాక ముసలాయన ఒకే మాట అన్నాడట.

"అంతా బాగుందిరా. పేలుడే లేదు."

లారీడు మందు కాల్చి తీసిన మనిషితో అన్న మాట అది. అదేమిటో విడమరిచి చెప్పకుండానే ఆ ఏడు ఆయన పోయాడు. బ్రహ్మం గారు ఆ తర్వాత ఇంకా తొమ్మిది సినిమాలు తీశారు. ఆ మాట మాత్రం వదల్లేదు. ప్రతి ఏటా మొదటి రోజు క్లాసులో కొత్త పిల్లలందరినీ అదే అడుగుతారు. "మా నాయనకి నా సినిమాలో ఏం కనపడలేదో చెప్పండ్రా." గ్రాఫిక్స్ అన్నవాళ్లున్నారు, సౌండు అన్నవాళ్లున్నారు. ఆయన తల అడ్డంగా ఊపి పాఠంలోకి వెళ్లిపోతారు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరుకుతుందనే ఆయన స్కూలు పెట్టారని మా అందరి అనుమానం.

ఆయన పద్ధతి ఒకటుంది. ఫోనులో రోజుకి వంద వీడియోలు తీసి తొంభై చెరిపేసే మాకు అది పెద్ద శిక్ష. డిప్లొమా సినిమాకి ఒక్కొక్కరికి ఒక్కటే మెమరీ కార్డు. చెరపకూడదు. తీసినదంతా ముక్క కూడా కోయకుండా షెడ్డు గోడ మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి వేయాలి. అందులో ఎవరి మొహాలున్నాయో వాళ్లందరినీ పిలిచి వాళ్ల ముందే వేయాలి. "మనిషి మొహం తీసుకుని ఆ మనిషికే చూపించకపోతే దొంగతనమే" అంటారు.

నేను తీయాలనుకున్నది మా నాన్న చివరి పేలుడు. క్వారీలో నీళ్లు ఊరి, లీజు కూడా అయిపోయి మూసేస్తున్నారు. పేల్చడానికి మిగిలింది ఒక్క రాతిగోడ. నాన్న క్వారీ మేనేజరుని బతిమాలి నాకు అనుమతి తెచ్చాడు. తెచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"ముప్పై ఏళ్లు పేల్చా. ఒక్కటీ సూళ్లేదే. మీట నొక్కేటప్పుడు నేనూ మొహం తిప్పుకునేవాణ్ణే గదా. ఈ ఒక్కటన్నా నాకు సూపియ్యి."

మా నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. రెండేళ్లలో సర్టిఫికెట్ తేకపోతే ఊళ్లో ఇంకో సున్నం మిల్లు కాటా దగ్గర లారీ నంబర్లు కొట్టుకుంటానని నేను ఆయనకి ఒప్పుకుని ఉన్నాను. ఆ మాట వినగానే సర్టిఫికెట్ సంగతే మర్చిపోయాను. ఆయనకి ఆయన పేలుడు చూపించాలి, అంతే.

పేలుడు మిట్టమధ్యాహ్నం. నేను మట్టిదిబ్బ మీద కెమెరా పెట్టాను. దిబ్బ కింద, నాకూ క్వారీకీ మధ్యన, కాలనీ జనం ఇరవైమంది నిలబడ్డారు. మా అమ్మ కోటమ్మ వాళ్లలో ముందుంది. బ్రహ్మం గారికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నాన్న కుడివైపు రాతి గది చాటున ఉన్నాడు. మందు దగ్గర ఫోన్లు పనికిరావని మేనేజరు అందరివీ తీసుకుని దూరంగా పెట్టించాడు. సౌండు చూసేది వంశీ, నరసరావుపేటలో మిరప చేలున్న ఇంటి పిల్లాడు, క్వారీ గాలి తగలనివాడు.

ఎర్రజెండా మీద మొదలుపెట్టి కెమెరాని మెల్లగా పైకెత్తి రాతిగోడ దగ్గర ఆపాలని నా ఆలోచన. అలా ఎత్తాలి కాబట్టి స్టాండు మర బిగించలేదు. నెల రోజులు సాధన చేశాను. మొదటి ఈల. జెండా. రెండో ఈల. కెమెరా అనుకున్నట్టే రాతిగోడ మీదికొచ్చి ఆగింది.

మూడో ఈల.

ఆ తర్వాత నాకు తెలిసింది దుమ్ము వాసనే. కళ్లు తెరిచేసరికి క్వారీకి వీపు పెట్టి కూలబడి ఉన్నాను, నోరు బార్లా తెరిచి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని. కెమెరా హ్యాండిల్ ఎప్పుడు వదిలేశానో తెలియదు. మర బిగించని కెమెరా బరువుకి ముందుకి వాలి దిబ్బ కిందికి చూస్తోంది.

"సూపర్ కవితా! కొండ అట్టా లేచి అట్టా పడింది!" అని వంశీ గంతులేస్తున్నాడు. వాడొక్కడే నిలబడి చూశాడు. నాకు వాణ్ణి నాలుగు తన్నాలనిపించింది.

సంగతి తెలిశాక వాడు గొంతు తగ్గించాడు. "కార్డు పాడైందని చెప్దాం. బెల్లంకొండ వైపు ఇంకో క్వారీ ఉంది గదా, అక్కడ తీద్దాం. మీ నాన్నకేం తెలుస్తుంది?"

నాన్నకి తెలుస్తుంది. తన చేత్తో మందు కూరిన గోడని ఆయన పోల్చుకోలేడా? అయినా రెండు రోజులు ఆ కార్డుని పిడికిట్లో పెట్టుకునే తిరిగాను. చెరపడానికి ఒక్క మీట చాలు. ఇన్నేళ్లలో ఒక్కటి అడిగిన మనిషికి ఏం చెప్పాలో తెలియలేదు. వాగు నీళ్లలో బాక్సు మోసిన ఆయన ముందు అబద్ధం ఎలా ఆడాలో అంతకన్నా తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే కార్డు తీసుకెళ్లి ప్రొజెక్టర్‌కి పెట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం షెడ్డు తలుపులు మూసేశారు. గోడకి మా బట్టీ సున్నమే రెండు పూతలు వేసి ఉంది. కాలనీ అంతా వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ చొక్కా చూసి నాకు ఏడుపొచ్చింది.

గోడ మీద జెండా లేచింది. స్పీకర్లలో మొదటి ఈల మోగింది. రెండోది మోగింది. వంశీ సౌండు బాగానే తీశాడు, అసలు ఈల కన్నా పెద్దగా ఉంది.

మూడో ఈలకి షెడ్డులో ఉన్న కాలనీ మొత్తం గోడకి వీపు తిప్పి కింద కూలబడింది! మా అమ్మ, పక్కింటి వాళ్లు, చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా మా నాన్న, ఆఖరికి బ్రహ్మం గారు. అందరూ కళ్లు మూసుకుని, చెవులు మూసుకుని, నోళ్లు తెరిచారు. నా మోకాళ్లూ వంగాయి కానీ ప్రొజెక్టర్ బల్ల పట్టుకుని ఆగాను. అప్పుడు గోడ మీద చూశాను. గోడ మీద కూడా వాళ్లే. నా వైపు మొహాలు పెట్టి, కళ్లు మూసుకుని, నోళ్లు తెరుచుకుని ఇరవైమంది. గోడ మీద ఎలా ఉన్నారో షెడ్డులోనూ అలాగే ఉన్నారు. ఇన్నేళ్లలో మా వాళ్లు ఆ క్షణంలో ఎలా ఉంటారో ఎవరూ చూడలేదు. ఆ క్షణంలో కళ్లు తెరిచి ఉన్నవాళ్లెవరూ కాలనీలో లేరు.

చప్పుడు ఆగాక అందరూ లేచి ఒకళ్లనొకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు. గోడ మీద బొమ్మ అప్పటికే అయిపోయింది.

"సార్," అన్నాను. "పేలుడు రాలేదు. నేను కెమెరా వదిలేశాను. నాన్నా, తప్పు నాదే."

నాన్న చొక్కాకంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. బ్రహ్మం గారు నా వైపు తిరిగారు.

"మరి ఏమొచ్చిందమ్మాయ్?"

"మనం వచ్చాం సార్."

ఒకే ఒక్కసారి అని పదేళ్లుగా పట్టుబట్టిన మనిషి కుర్చీలోంచి లేచారు. "సౌండు తీసెయ్. మళ్లీ వెయ్."

ఈసారి ఈలల్లేవు. ఎవరూ కూలబడలేదు. గోడ మీద జెండా లేచింది, రాతిగోడ కనపడింది, బొమ్మ మెల్లగా కిందికి వాలింది. ఇరవై మొహాలు. చప్పుడు లేకుండానే నేల అదరడం ఆ చెంపల మీద తెలిసింది. దుమ్ము వాళ్ల వెనక నుంచి వచ్చి భుజాల మీదుగా దిగింది. అందరికన్నా ముందు మా అమ్మ కళ్లు తెరిచింది. నోరు మాత్రం తెరిచే ఉంది. రాతి గది వైపు చూస్తోంది. చూస్తూనే ఉంది. ఆ దుమ్ములోంచి నాన్న చెయ్యి ఊపి ఉంటాడు, అప్పుడు నోరు మూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

నాన్న పక్కకి తిరిగి అమ్మని అడిగాడు. "ఏమే, ప్రతిసారీ ఇట్టాగేనా?"

"మరెట్టా?" అంది అమ్మ. "నువ్వు బయటికొచ్చిందాకా ఊపిరాడుద్దా?"

నాన్న ఇంత మంది ముందు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న అలాంటి మనిషి కాదు.

బ్రహ్మం గారు అప్పటికే గోడ దగ్గరికి నడిచారు. బొమ్మని అక్కడే ఆపమని చెయ్యెత్తారు. గోడ మీద, మా అమ్మ పక్కన, కుర్చీ దిగి మట్టిలో కూలబడిన ఒక ముసలి మనిషి. కళ్లు మూసుకుని ఉన్నాడు, బోసి నోరు తెరుచుకుని ఉంది, నుదుటి మీద సున్నం దుమ్ము.

"బాబాయ్, అది నువ్వేగా!" అని అమ్మ నవ్వింది.

ఆయన నవ్వలేదు. ప్రతి ఏటా మమ్మల్ని అడిగే ప్రశ్నకి జవాబు దొరికినట్టు చూస్తున్నారు. తడబడకుండా ఆ మొహం మీద అరచెయ్యి పెట్టారు. ఆ చేతికి గోడ సున్నం అంటుకుంది.

"నేను గాదు కోటమ్మా," అన్నారు. "మా నాయన."