తోడికోడలి నాలుగు రోజులు

చేపలు తోముతూ వీధరుగు వైపు చూసిన బనజకు కడుపు రగిలిపోయింది. తోడికోడలు సైరింధ్రి అక్కడ చాప వేసుకుని, కాళ్లు బారజాపి, తీరిగ్గా తల చిక్కు తీసుకుంటోంది. ముట్టు. నాలుగు రోజులు వంటింటి గడప తొక్కదు, కత్తిపీట తాకదు. నీళ్లన్నం, పక్కన వేయించిన చేప, అన్నీ కూర్చున్న చోటికే వస్తాయి. తెచ్చిపెట్టేది ఎవరు? ఇంకెవరు, బనజే.

ఓర్వలేనితనమే అనుకోండి. అదేం అదృష్టమో, ఆ మహాతల్లికి నెల తిరిగేసరికి ఠంచనుగా వచ్చేస్తుంది. బనజకేమో ఓసారి మూడు వారాలకే, ఓసారి నెలన్నరకు, మరోసారి రెండు నెలలు గడిచినా జాడ ఉండదు. కేంద్రాపడా పట్నంలోని డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "నీకేం జబ్బు లేదమ్మా, నీ ఒంటి తీరే అంత," అని పంపేసింది. ఆ మాట ఇంట్లో ఎవరికెక్కింది? "పెద్దకోడల్ని చూసి నేర్చుకో," అంటుంది అత్త, అదేదో వడియాలు పెట్టడమైనట్టు. "నీ బద్ధకం నీ ఒంటికీ అంటుకుంది," అంటాడు మొగుడు ప్రఫుల్ల, తిన్న కంచం ఆమె ముందుకు తోస్తూ. ఆ సైరింధ్రి ఒళ్లు తనకెందుకు రాలేదా అని బనజ ఎన్నిసార్లు ఏడ్చిందో.

రజ పండగ వచ్చింది. ఆ మూడు రోజులూ భూదేవికి ముట్టు. నాగలి కదలదు, ఆడవాళ్లు పనిజోలికి పోరు. మామిడికొమ్మకు కట్టిన ఉయ్యాల మీద తోడికోడళ్లిద్దరూ తాంబూలం నములుతూ పక్కపక్కనే కూర్చున్నారు. బనజకు అక్కసు ఆగలేదు.

"నీకేమక్కా, రాణివి. నెలనెలా నాలుగు రోజులు పండగే."

సైరింధ్రి చుట్టూ చూసి కిసుక్కున నవ్వింది. "పిచ్చిదానా! నాకూ నీలాగే, ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. పోయిన నెల అసలు రానేలేదు."

"మరి అరుగు మీద కూర్చున్నావు?"

"కూర్చోకపోతే నడుం వాల్చనిచ్చేదెవరే? కాపరానికొచ్చిన కొత్తలోనే ఓ తేదీ చెప్పేశాను. ఇప్పుడది ఒక్కరోజు దాటితే చాలు, నీళ్లోసుకున్నావా అని అత్త వెంటపడుతుంది. ముందే వచ్చిందనుకో, గుడ్డ దాచుకుని వంట చేస్తాను." ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

బనజకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఈ అబద్ధానికా తను గిన్నెలు తోమింది! దీని పీక పిసకాలనిపించింది. ఇంత తెలివి తనకు రానందుకు ఇంకా మండింది.

మూడు రోజులూ గడిచి నాలుగోనాడు, భూదేవి ముట్టు తీరిందని ఆమెకు గుర్తుగా నూరుడురాయికి పసుపు పూసి స్నానం చేయించి, అత్త కేకేసింది. "బనజా, ఆవాలు నూరుదువు రావే!"

బనజ అరుగు మీద నుంచి కదల్లేదు. "ముట్టుకోకూడదత్తా. వచ్చింది."

"అదేంటే, మొన్ననేగా అయ్యావు?"

"నాది ఎప్పుడు వేళకొచ్చింది గనక? వచ్చేవారం మళ్లీ రావచ్చు."

అత్త గొణుక్కుంటూ పెద్దకోడలి వైపు తిరిగింది. ఆవాలగిన్నె సైరింధ్రి చేతికొచ్చింది. చెప్పుకున్న తేదీకి ఆమెకింకా చాలా రోజులున్నాయి.

"ఎన్నాళ్లు కూర్చుంటావే?" అంది సైరింధ్రి, కుళ్లు దాచుకోలేక.

"ఏమోనక్కా," అంది బనజ. "నా ఒళ్లు, దాని ఇష్టం."