ఏడో నెంబరు దగ్గర ఆరు

నేను ఒక పాచికను. పుట్టింది ప్లాస్టిక్ బొమ్మల కార్ఖానాలో, పెరిగింది వైకుంఠపాళి అట్టపెట్టెలో. పాము మింగిన ప్రతివాడూ నన్నే తిట్టిపోసేవాడు. తిట్లు తినడంలో అంత అనుభవం ఉండబట్టే కాబోలు, సర్వేలు చేసే కుసుమ నన్ను స్టీలు గ్లాసులో వేసుకుని భీమవరం పక్కన ఒక రొయ్యల ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది.

అక్కడ రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళని నెలనెలా ఒకే ప్రశ్న అడిగేది: పని మధ్యలో బాత్రూంకి పోనివ్వకుండా ఆపుతున్నారా? అవునన్న మనిషెవరో తెలిస్తే మర్నాటికి పని ఉండదు. అందుకే నేను. జవాబు చెప్పే మనిషి గ్లాసు ఊపి తనొక్కతే చూసుకోవాలి. ఆరు పడితే ఆపినా ఆపకపోయినా అవుననాలి. ఇంకేది పడ్డా నిజం చెప్పాలి. ఇక ఎవరు అవునన్నా నింద నామీదికి తోసెయ్యొచ్చు. మనుషులకి నిజం చెప్పడానికి కూడా ఓ సాకు కావాలి మరి!

జవాబులు రాసుకునే చీటీల మీద కుసుమ పేర్లు రాయలేదు. కానీ ఏ నెలకి ఏం మారిందో తెలియాలని, బల్ల దగ్గర ఎవరు నిలబడ్డ చోటి నెంబరు వాళ్ళ చీటీ మీద వేసింది. సూపర్‌వైజరు భద్రం నాలుగు నెలల చీటీలూ తెప్పించుకుని పేకముక్కల్లా పరిచాడు. ఏడో నెంబరుది నాలుగు నెలలూ అవునే. వరసగా నాలుగు ఆర్లు ఎక్కడైనా పడతాయా అని మురిసిపోయి, ఆ చోట నిలబడ్డ నూకరత్నాన్ని పిలిపించాడు. కుసుమ మొహాన నెత్తురు చుక్క లేదు. నాకూ భయమేసింది. అడిగిందే అడుగుతూ పోతే నా చాటు చిరిగిపోతుందని నాకేం తెలుసు?

నూకరత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏడో నెంబరు కాడ ఐసు పెట్టె ఉంటాదండి. ఒక్కరే నిలబడితే వేళ్ళు కొంకర్లు పోతాయని నెలకొకరం వంతులేసుకున్నామండి. నాలుగు నెలలకీ నలుగురమండి. నాకు పడింది ఒక్క ఆరేనండి."

మిగతా ముగ్గురినీ పిలిచి అడిగితే వాళ్ళదీ అదే పాట. ఎవర్ని తీసేస్తాడు? నూకరత్నం మళ్ళీ రొయ్యల దగ్గరికి పోయింది. ఆ రోజే కుసుమ నెంబర్లు వెయ్యడం మానేసింది.

మరుసటి నెల సూపర్‌వైజర్లనీ అడగమని పైనుంచి కబురొచ్చింది: ఎవర్నైనా బాత్రూంకి పోకుండా ఆపారా? భద్రం గ్లాసు చాలాసేపు ఊపాడు. లోపలికి తొంగి చూసి, నుదురు తుడుచుకుని, అవునన్నాడు. ఎవరూ అడక్కుండానే, "ఆరు పడిందండి," అని కూడా అన్నాడు.

ఇప్పుడు కుసుమ సొరుగులో తీరిగ్గా ఉన్నాను. ఆ రోజు నిజంగా ఆరే పడిందా అని మీరు మాత్రం అడగకండి. నూకరత్నం సంగతే చెప్పనిదాన్ని, ఆయన సంగతి చెబుతానా?