ఎనభై రెండు కిలోలు

గ్రీజు తుడిచిన స్ప్రింగును కొక్కేనికి తగిలించి, ఇమాంట్స్ తర్వాతి బండిని స్టాండు మీదికి ఎక్కించాడు. కెగుమ్స్‌లో మోటారుసైకిల్ పందేల ఇసుక ట్రాక్ పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను చేస్తున్నది ఇదే: రైడరు బరువు చూడటం, దానికి తగిన వెనక స్ప్రింగు బిగించడం. పొట్టి మనిషి. కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో చితికి మళ్ళీ రాలేదు. ఎవరు చెప్పిన బరువూ నమ్మడు. అందరూ తమ మంచి రోజుల బరువే చెబుతారు. అందుకే హెల్మెట్టు, బూట్లతో సహా కాటా ఎక్కమంటాడు.

ఒక్క ఎగీల్స్‌ను మాత్రం ఏళ్ళ తరబడి ఎక్కమనలేదు. చిన్ననాటి స్నేహితుడు. ఎప్పుడూ ఎనభై రెండే.

ఆ శుక్రవారం ఎగీల్స్ సీటు మీద కూర్చుంటే, నూట అయిదు మిల్లీమీటర్లు దిగాల్సిన వెనక భాగం ఎనభై ఎనిమిది దగ్గరే ఆగింది. ఇమాంట్స్ టేపు మళ్ళీ పెట్టి చూశాడు.

"కాటా ఎక్కరా."

"ఏం, సంతలో అమ్ముతావా నన్ను?"

"నిన్నెవడు కొంటాడులే. ఎక్కు."

అరవై ఏడు. బూట్లతో కలిపి.

"కడుపులో ఏదో ఉందన్నారు," అన్నాడు ఎగీల్స్, హెల్మెట్టు తీస్తూ. "సోమవారం ఆసుపత్రిలో చేరాలి. ఆదివారం పందెం మాత్రం నాది. పాత స్ప్రింగే ఉంచు. పందెం ముందు బండి తుడిచేది మా ఆవిడ బిరుతే. స్ప్రింగు మీద అచ్చు కొట్టిన అంకె మారితే ఇట్టే పట్టేస్తుంది. ఇక నన్ను కదలనివ్వదు."

"పాతదుంటే మొదటి గుంటకే నిన్ను విసిరేస్తుంది."

"విసరనీరా. నాకేమన్నా కొత్తా?"

అతను వెళ్ళాక ఇమాంట్స్ మెత్తటి స్ప్రింగు తీశాడు. దాని మీది అంకెను ఆకురాయితో గీకేసి, ఆ చోట పాత అంకెను సుత్తితో అచ్చు కొట్టాడు. మురికి నూనె పూసి బిగించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతను కొట్టిన తప్పుడు అంకె అదొక్కటే.

ఆదివారం ఎగీల్స్ ఇరవై రెండు మందిలో పంతొమ్మిదోవాడిగా వచ్చాడు. బండి ఒక్కసారి కూడా అతన్ని తన్నలేదు. జూలైలో ఆసుపత్రిలోనే పోయాడు.

ఆగస్టులో బిరుత షెడ్డుకు వచ్చింది, బండి ఎవరికైనా అమ్మిపెట్టమని. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ రోజు బండి తుడుస్తుంటే నూనె కింద అచ్చు కొత్తగా మెరిసింది అన్నయ్యా," అంది. "మళ్ళీ నూనె పూసేశాను."

ఇమాంట్స్ తల ఊపాడు. శుక్రవారం ఎగీల్స్ విప్పి వదిలేసిన నడుము పట్టీ సంగతి ఆమెకు చెప్పలేదు. అది బల్ల కింద అలాగే ఉంది. కంపెనీ వేసిన రంధ్రాలు అయిదు. వాటిని దాటి, ఇంకా బిగించుకోవడానికి మేకుతో పొడిచినవి మూడు.