అందిన హెచ్చరిక

పొగాకు గంపలోంచి ఫోను ఒక్కసారిగా కూతపెట్టేసరికి భీమవ్వ చేతిలోని బీడీ జారి నేలపాలైంది.

అది రోజూ వచ్చే మోత కాదు. కూతురు సవిత అత్తగారి ఊరు వర్ని నుంచి చేసినా, బీడీలు తీసుకుపోయే టేకేదారు చేసినా ఆ ఫోనులో ఒకటే పాట వస్తుంది. ఇదేమో గొంతు పిసికితే అరిచినట్టు ఆగకుండా అరుస్తోంది. పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తున్న సుమలత కత్తెర పడేసి గోడకు అతుక్కుపోయింది.

"అక్కా, ముట్టకు! గదే గది! ఈరవ్వకు గూడ గిట్లనె అచ్చిందట!"

ఈరవ్వ సంగతి ఏటిగడ్డ ఊళ్లో తెలియని వాళ్లు లేరు. కిందటి ఎండాకాలం ఆమె ఫోనుకు ఏదో సందేశం వచ్చింది. నొక్కితే బీడీ పింఛను పెరుగుతుందని ఎవడో చెప్పాడు. నొక్కింది. కూడబెట్టుకున్న పీఎఫ్ డబ్బంతా మంచులా కరిగిపోయింది. బ్యాంకుకు పోతే పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు, పోలీసుల దగ్గరికి పోతే నొక్కింది నువ్వే కదా అన్నారు. ఆ వారం మహిళా సంఘంలో ఆడవాళ్లంతా కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎరుకలేని చప్పుడు వస్తే ఫోను బంద్ చేయాలి. చూడొద్దు, వినొద్దు. పోచమ్మ మీద ఒట్టు వేసుకున్నారు. ఫోను ఎలా వాడాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు కానీ, దానికి భయపడడం మాత్రం బతుకే నేర్పింది.

భీమవ్వ ఫోను పక్కనున్న మీట పట్టుకుని నొక్కి, అద్దం నల్లబడేదాకా వదల్లేదు. అప్పటికీ ధైర్యం చాలక, ఫోనును పొగాకు కిందికి తోసి పైన గోనెపట్టా కప్పింది.

"బతికించినవ్ పోచమ్మా," అని ఊపిరి పీల్చుకుంది.

ఆ ఫోను కూడా ఆమె ముచ్చటపడి కొన్నది కాదు. ఏళ్ల తరబడి ఆకు చుట్టి చుట్టి వేలిముద్రలు అరిగిపోయాయి. పింఛను మిషను ఆమె బొటనవేలిని మనిషి వేలుగా ఒప్పుకోలేదు. ఫోనులో ముఖం చూపిస్తేనే బతికున్నట్టు లెక్క అన్నారు. వెయ్యి బీడీలు చుడితే రెండొందల యాభై చేతికొచ్చే ఇంట్లో, నిజామాబాద్ పోయి ఆరు వేలు పెట్టి వాడేసిన ఫోను తెచ్చుకున్నారు. ఇంటికంతటికీ అదొక్కటే. మగడు ఆత్మారాం పనికి పోతే అది ఇంట్లోనే ఉంటుంది.

ఆత్మారాం పొద్దున్నే గంజి తాగి మంజీర ఒడ్డున బసవయ్య చెరకు తోటకు పోయాడు. మూడు రోజుల నుంచి ముసురు. నీళ్లు పెరిగేలోగా మోటారు విప్పి గట్టుకు చేర్చాలి. బసవయ్య తాతలు కాలువ నీళ్లను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి బోధన్ దిక్కుకు వచ్చినవాళ్లు. మూడు తరాల వాళ్లు ఇక్కడే పుట్టినా ఊరు వాళ్లను ఆంధ్రోళ్లనే అంటుంది.

ఒకప్పుడు పైన ప్రాజెక్టు గేట్లెత్తితే డప్పు నర్సింలు ఊరంతా చాటేవాడు. ఏటి ఒడ్డు దాకా పోయి, గొర్రెల కాపరి తలాడించేదాకా కదిలేవాడు కాదు. పంచాయతీ మైకు వచ్చాక నర్సింలును మానుకోమన్నారు. మైకు చెడిపోయాక దాన్ని బాగుచేయించే దిక్కు లేదు. ఇప్పుడు అందరికీ ఫోన్లకే వస్తుంది కదా అన్నారు. అందరూ అంటే ఎవరెవరని అడిగినవాడు లేడు.

భీమవ్వ మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంది. తడిగాలికి ఆకు మెత్తబడి చుట్టలు విప్పుకుంటున్నాయి. టేకేదారు సగం తీసిపారేస్తాడని దిగులు పడుతూ ఓ కట్ట కట్టిందో లేదో, వీధిలో బండి చప్పుడైంది. బసవయ్య. తల నుంచి కాలిదాకా నీళ్లు కారుతున్నాయి. బండి దిగకుండానే కేకేశాడు.

"ఏమ్మా! ఫోన్ ఎందుకు కట్టేశావ్? బోధన్ నుంచి దారంతా చేస్తూనే ఉన్నా! ఆత్మారాం వచ్చాడా?"

"ఇంక రాలే సారూ. ఏమాయె?"

"గేట్లెత్తేశారమ్మా! నీ ఫోనుకీ వచ్చుండాలే, పేద్ద మోతతో! నా ఫోనుకి వచ్చింది. వాణ్ణి పైకి రమ్మని నీతో కబురు పంపుదామని..."

మిగతా మాటలు భీమవ్వ చెవికి చేరలేదు. ఆమె చూపు గోనెపట్టా మీద పడింది. ఆ మోత ఆయన ప్రాణం కోసం వచ్చింది. తానే, తన చేత్తోనే, దాని నోరు నొక్కేసింది.

చాట ఎటు పడిందో చూడలేదు. బురదలో పరుగెత్తింది. వెనక సుమలత, బసవయ్య. ఊరు దాటి మర్రిమడుగు మలుపు తిరిగేసరికి రోజూ కనిపించే చెరకు తోట లేదు. ఎర్రటి నీళ్లలో ఆకుల కొసలు మాత్రం ఊగుతున్నాయి. మోటారు కొట్టం రేకుల పైకప్పు కనిపించింది. దాని మీద మనిషి లేడు.

"ఓ సవితోళ్ల బాపూ!" అని అరిచింది. "ఓ..."

పెళ్లయిన నాటి నుంచి మగని పేరు ఆమె నోట రాలేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పిన మాట. ఆ ఏటి హోరులో 'సవితోళ్ల బాపు' ఎవరికని వినిపిస్తుంది? ఆమె నీళ్లలోకి అడుగేయబోతే సుమలత నడుము పట్టుకుని వెనక్కు లాగింది. చూస్తుండగానే రేకుల కప్పు కూడా మునిగిపోయింది.

ఆ రాత్రంతా ఏటిగడ్డ జనం మెరక మీది బడిలో తలదాచుకున్నారు. కరెంటు లేక ఊళ్లో ఫోన్లన్నీ ఆరిపోయాయి. తెల్లారాక పడవలో పోయినవాళ్లలో, దూరాన తుమ్మచెట్ల మీద ఎవరో ఉన్నట్టుందని ఒకరు, అబ్బే గొంగడి చిక్కుకుందని ఇంకొకరు చెప్పారు. ఉరవడికి పడవ అటు పోలేక తిరిగొచ్చింది. భీమవ్వ ఏడవలేదు. ఏడిస్తే ఆ ఉన్న ఆశ కూడా పోతుందేమోనని భయపడి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది.

పొద్దెక్కాక రెవెన్యూ అధికారి వచ్చాడు. మంచివాడే, రాత్రంతా నిద్రలేని కళ్లు. ఆయన వెంట, హెచ్చరికల పని చూసే హైదరాబాద్ సంస్థ నుంచి సౌందర్య అనే అమ్మాయి వీడియో తీయడానికి ఫోను పట్టుకుని వచ్చింది. ప్రపంచంలో ప్రతి మనిషికీ ఆపద హెచ్చరిక అందాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయట. వచ్చే నెల విదేశంలో పెద్ద సదస్సు. అక్కడ హెచ్చరిక అందరికీ అందిన ఊరని ఏటిగడ్డను చూపిస్తారట.

"ఈ ఊళ్లో టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటికీ చేరిందమ్మా," అంది సౌందర్య. "మీ నంబర్‌కి కూడా అందినట్టే ఉంది. 'హెచ్చరిక నాకు అందింది' అని ఒక్క మాట చెప్పండి చాలు."

"మీ ఆయన పేరేంటి?" అని అధికారి అడిగాడు. భీమవ్వ తల వంచుకుంది. బసవయ్యే చెప్పాడు.

"చెప్పు భీమవ్వా," అని బసవయ్య మెల్లగా అన్నాడు. "పెద్దోళ్లతో మనకెందుకు? రేపు నష్టపరిహారానికి వీళ్ల దగ్గరికే పోవాలి."

నిజమే. అధికారికి కోపం వస్తే? పింఛను ఆగితే? పడవను మళ్లీ పంపకపోతే? అంతకన్నా పెద్ద భయం ఒకటి గుండెను కొరుకుతోంది. అందిందని ఒప్పుకుంటే మొగుణ్ణి తానే చంపుకున్నట్టు. మూలనున్న ఈరవ్వను, సుమలతను, మిగతా ఆడవాళ్లను చూసింది. ఒక్కొక్కరే తల దించుకున్నారు. అప్పుడర్థమైంది. నిన్న ఆ కూత తర్వాత ఏటిగడ్డలో ఏ ఆడదాని ఫోనూ మోగుతూ మిగల్లేదు. అందరూ ఒట్టు నిలబెట్టుకున్నారు.

"అందలే," అంది భీమవ్వ.

కెమెరా వెనక నుంచి సౌందర్య తల పైకెత్తింది.

"మోత అచ్చింది బిడ్డా. మాట రాలే. మాకు సదువు రాదు. ఏ మోత దొంగదో, ఏ మోత సర్కారుదో మాకెవలు జెప్పిన్రు? అందింది అని నేననను. నువ్ కోపం జేస్తె జెయ్యి సారూ, నేననను."

జీవితంలో ఒక అధికారికి ఆమె కాదన్నది ఇదే మొదలు. అధికారి ఏదో అనబోయాడు.

అంతలో ఆయన జేబులో, సౌందర్య చేతిలో ఒకేసారి అదే కూత. బడిలోని ఆడవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. "బంద్ జెయ్యి, బంద్ జెయ్యి!" అని సుమలత కేకేసింది. భీమవ్వ ఒక్క అంగలో పోయి సౌందర్య మణికట్టు పట్టుకుంది.

"బంద్ జెయ్యకు. సదువు."

"ఎగువ ప్రాజెక్టు నుంచి అదనపు జలాల విడుదల దృష్ట్యా లోతట్టు ప్రాంతాల ప్రజలు..."

"గట్ల గాదు. మా తీరుగ జెప్పు. ఎప్పుడస్తయి? ఏడిదాక అస్తయి?"

సౌందర్య అధికారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మధ్యాహ్నానికల్లా నిన్నటికన్నా మనిషెత్తు ఎక్కువ వస్తాయమ్మా. పోచమ్మ గుడి దాకా."

భీమవ్వ బడి మెట్ల మీదికి పోయి నిలబడింది. కింద ఇంకా సామాన్లు మోసుకుంటున్న జనం ఉన్నారు, గొడ్లను విప్పుతున్నవాళ్లు ఉన్నారు. అవతల ఏరు.

"ఓ ఏటిగడ్డోళ్లారా, ఇనుర్రి! మల్ల నీళ్లిడుస్తున్రట! పగటీలికి నిన్నటికన్న మనిషెత్తు ఎక్కువస్తయట! పోచమ్మ గుడి దిక్కు ఎవ్వలుండద్దు! పైకి రార్రి!"

కింద ఒకడు నెత్తి మీది మూట దించి చూశాడు. ఇంకొకడు చెయ్యెత్తి విన్నానన్నట్టు ఊపాడు. ఆమె ఊపిరి పీల్చుకుని తుమ్మచెట్ల వైపు తిరిగింది. అత్త మాట గుర్తొచ్చింది. అయినా ఆగలేదు.

"ఓ ఆత్మారాం!" అని పిలిచింది. "ఆత్మారాం! ఇంక మీదికెక్కు! నీళ్లస్తున్నయ్!"

ఏటి హోరులోంచి బదులేమీ రాలేదు. భీమవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ పిలిచింది.