పోలరాజుకి పట్టిన చలి

మే నెలలో పాలు విరక్కుండా చూసుకోవడానికి ఉక్కు కంపెనీ ఊళ్లోని తెలుగు బస్తీ సీతారాండేరా ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉంది. పోలరాజు డ్యూటీ దిగొచ్చి వాకిట్లో నులకమంచం మీద వాలగానే గిన్నెలు తెచ్చి ఆ మంచం కింద సర్దేస్తారు. సాక్చీ బజార్లో పుచ్చకాయ కొన్నవాళ్లు దాన్ని అతని కాళ్ల దగ్గర దొర్లించి పోతారు. అతను అటు తిరిగి పడుకుంటే మాత్రం, "ఇటు తిరుగు నాయనా, నా పెరుగు ఇటేపుంది" అని బతిమాలుకోవాల్సి వస్తుంది.

కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకి ఒళ్లు నల్లబడ్డట్టే, యంత్రాలు వేడెక్కకుండా చల్లగా ఉంచే కంపెనీ కంప్యూటర్ గదిలో ఏళ్ల తరబడి ఉన్నందుకు పోలరాజుకి ఆ గది చలి పట్టేసింది. అందులో వింతేముంది? అతని భార్య పద్మకుమారి ఎండాకాలమంతా అతన్ని ఆనుకుని పడుకుంటుంది, చలికాలం వస్తే చాప పట్టుకుని వంటింట్లోకి పోతుంది. కాపురం బాగానే సాగుతోంది.

పోలరాజు సీనియర్ ఆపరేటర్. అంటే ఇంకా పూర్తిగా కాదు. కొన్నాళ్లు చేయించి చూసి ఖాయం చేస్తామన్నారు, ఆ గడువు ఈ నెలతో తీరుతుంది. బీరువాలంత యంత్రాలకి అతను ఆయా లాంటివాడు. ఏ టేపు ఎక్కడ ఎక్కించాలో తెలియాలి. చిల్లుల కార్డుల కట్టని, వాటిని చదివే రీడర్ నోటికి అందించే ముందు విసనకర్రలా విప్పి విదిలించాలి, లేకపోతే రెండేసి మింగి పొరబోతుంది. ప్రింటర్ చప్పుడు మారితే కాగితం ఎక్కడ నలుగుతోందో చెవే చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద నియమం, పని నడుస్తుండగా సీనియర్ గది దాటకూడదు.

ఆవేళ వ్యాగన్ల పని నడుస్తోంది. ఏ వ్యాగన్‌లో ఏ ఇనుము ఎక్కాలో యంత్రం చెబితే తప్ప యార్డులో రేక్, అంటే ఆ గూడ్సుబండి, కదలదు. పని సగంలో ఉండగా డాబా మీది ఏసీ ప్లాంటు ఒక్క గురక పెట్టి ఆగిపోయింది.

గోడ మీది ఉష్ణోగ్రత ముల్లు కదిలింది. అది ఎర్రగీత దాటితే యంత్రం పోతుంది, చేసిన పనంతా పోతుంది, దాంతోపాటు పోలరాజు సీనియర్‌గిరీ పోతుంది. గది అధికారి సన్యాల్ సాబ్ పరిగెత్తుకొచ్చి, ముల్లునీ పోలరాజునీ మార్చి మార్చి చూసి, స్వయంగా కుర్చీ లాగి గది నడిమధ్య వేశాడు.

"యహా బైఠో. హిల్నా మత్!"

పోలరాజు కదలకుండా కూర్చున్నాడు. ముల్లు ఆగింది.

పానాల సంచీతో ప్లాంటు మెకానిక్ అసిరయ్య వచ్చాడు. పోలరాజు అక్క దాలమ్మ మొగుడే. గుమ్మంలోనే ఆగి బావమరిదిని ఎగాదిగా చూశాడు.

"ఏటి బామ్మర్దీ, పీటల మీద పెళ్లికొడుకునాగ కూకోబెట్టేసారు? తాళి ఎవలికి కడతావు, ఈ బీరువాకా?"

"నోరు కాదు బావా, మిషిను బాగుసెయ్యి."

"నాను పైన ఏగిపోవాల, నువ్వు ఈడ పెరుగుకుండనాగ సల్లగుండాల. మీ అక్కని సేసుకున్న కాన్నించి సూత్తన్నాను, మీ ఇంట్లో ఎండలో నిలబడ్డోడు ఒక్కడూ లేడు."

"జోబులో ఉల్లిపాయెట్టుకున్నావా? బైట లూ కొట్టేత్తంది, ఒట్టి నిప్పుల గాలి."

"ఉల్లిపాయ మీ అక్క కూరలో ఏసీసింది" అంటూ అసిరయ్య మెట్లెక్కాడు.

గాలిగొట్టంలోంచి పైన పానా చప్పుడు కిందికి వినిపిస్తూనే ఉంది. మధ్యమధ్యలో అసిరయ్య గొట్టంలో నోరు పెట్టి, "బామ్మర్దీ, గడ్డకట్టీనావా?" అని అరుస్తున్నాడు. ఇటుపక్క గౌరీదేవి కార్డులు పెడుతోంది. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన పిల్ల, పోలరాజు కింద ఆపరేటర్, నవ్వు ఆపుకోలేకపోతోంది. ప్రింటర్ కొడుతోంది. టేపులు తిరుగుతున్నాయి.

అలా చాలాసేపు గడిచాక పానా చప్పుడు ఆగింది.

"బావా!" పోలరాజు గొట్టంకేసి అరిచాడు. "బావా, పలకవేటి?"

గౌరీదేవి చేతిలో కార్డులు అలాగే ఉండిపోయాయి. ఇంతలో మెట్ల మీద నుంచి వాచ్‌మన్ కేక వేశాడు, మెకానిక్ వడదెబ్బకి పడిపోయాడని. "మిస్త్రీ గిర్ గయా! లూ లగ్ గయా!"

పోలరాజు లేచి నిలబడ్డాడు. సన్యాల్ సాబ్ అడ్డం వచ్చాడు. కోపంతో కాదు, భయంతో.

"డాక్టర్ కో ఫోన్ కర్తా హూ. తుమ్ బైఠో. నువ్వు లేస్తే ఇది పోతుంది, పోలరాజూ. తరవాత నీ సీనియర్‌గిరీ నేను నిలబెట్టలేను."

డాక్టరు ఆస్పత్రి నుంచి రావాలి, అంతసేపు బావ ఆగలేడు. పోలరాజు కన్సోల్ దగ్గరికి వెళ్లి నిలబడే నాలుగు అక్షరాలు కొట్టాడు. నడుస్తున్న పనిని ఉన్నచోట ఆపి, యంత్రం గుర్తుపెట్టుకున్నదంతా ఒక టేపు మీదికి దింపమని చెప్పడం అది. అంతా పూర్తిగా టేపు మీదికి దిగితే పనిని మళ్లీ అక్కణ్ణించే మొదలెట్టొచ్చు. దిగేలోపు గది వేడెక్కితే ఏమీ మిగలదు.

"ఎల్లన్నా, నాను సూసుకుంటాను" అంది గౌరీదేవి.

"ముల్లు గీత ముట్టుకుంటే కరెంటు తీసెయ్యి. టేపు కోసరం ఆగొద్దు."

"తెల్సు. ఎల్లు!"

గది దాటాడు. వెనక ముల్లు కదలడం చూడకుండానే తెలిసింది.

డాబా మీద తారు కరిగి ఉంది. ఒక చెప్పు అంటుకుపోతే దాన్ని వదిలేసి పరిగెత్తాడు. అసిరయ్య ఫ్యాను పక్కన వెల్లకిలా పడున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, తడి లేదు, కళ్లు తేలిపోయాయి. నీళ్లు పోస్తే పెదాల మీద నుంచి జారిపోయాయి. పోలరాజు చొక్కా విప్పేసి బావ మీద పడి రెండు చేతులా చుట్టేశాడు.

పెళ్లాం ఆనుకున్నా, ఊరి పాలన్నీ మంచం కింద పెట్టినా తరగని చలి, అప్పుడు తరగడం మొదలెట్టింది. ముందు పాదాల్లోంచి పోయింది. తరవాత మోకాళ్లు, నడుం. చిల్లుపడ్డ కుండలోంచి నీళ్లు పోతున్నట్టే ఉంది. ఇక్కడ ఆపి, మిగిలింది పట్టుకుని కిందికి పోతే గదికి సరిపోతుందేమో! ఆ ఆలోచన వచ్చింది, రాలేదని ఎందుకనాలి? బావ గుండె మాత్రం తన గుండె కింద ఎక్కడో తడబడుతోంది. పోలరాజు ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

ఆఖరి చలి ముక్క మెడలోంచి జారిపోయాక, తన కింద నుంచి నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినిపించింది.

"ఒగ్గరా బాబూ. మీ అక్క సూత్తే ఏటనుకుంటది?"

పోలరాజు ఏడ్చాడో నవ్వాడో వాచ్‌మన్‌కి అర్థం కాలేదు.

ఇద్దరూ పట్టుకుని అసిరయ్యని కిందికి దింపేసరికి గదిలో దీపాలు ఆరిపోయి ఉన్నాయి. గౌరీదేవి ఒక టేపు చుట్టని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"మొత్తం దిగిపోయింది. ముల్లు గీత మీదకి వచ్చేసరికి కరెంటు తీసేసాను" అంది.

డాక్టరు వచ్చి అసిరయ్య చెయ్యి పట్టుకుని, వెంటనే వదిలేసి, చలికి వేళ్లు రుద్దుకున్నాడు. గోడ మీది ముల్లు తనంతట తనే కిందికి దిగుతోంది. సన్యాల్ సాబ్ ముల్లునీ అసిరయ్యనీ చూసి, గది నడుమ కుర్చీ దులిపి అసిరయ్యని కూర్చోబెట్టాడు. ఫోనెత్తి ప్లాంటువాళ్లతో, ఈ మిస్త్రీ ఇక డాబా ఎక్కడు, మా గదిలోనే ఉంటాడు, ఇంకొకణ్ణి చూసుకోండి అని చెప్పేశాడు.

"ఓలమ్మో, ఏటీ సలి!" అసిరయ్య పళ్లు టకటకలాడాయి. "ఇలాటి ఒల్లేసుకుని ఏలాగ బతికినావురా ఇన్నాళ్లూ?"

పోలరాజు యంత్రాన్ని లేపి టేపు ఎక్కించాడు. కన్సోల్ ఒక ముక్క కొట్టి అడిగింది, అతను జవాబు కొట్టాడు. పని ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైంది. రేక్ ఆలస్యంగా కదులుతుంది, అంతే.

సన్యాల్ సాబ్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"గది దాటావు."

"దాటాను సాబ్."

ఆయన జేబులోంచి రుమాలు తీసి కన్సోల్ మీద పెట్టాడు.

"తుడుచుకో. సీనియర్ ఆపరేటర్ చెమట టేపు మీద పడకూడదు."

అప్పుడు తెలిసింది పోలరాజుకి. చెవి వెనక నుంచి ఏదో వెచ్చగా, చీమలా, మెడమీదికి పాకుతోంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది.